సెప్టెంబరు 18 తర్వాత

తెలంగాణాను గురించి మన రచయితలు రాసిన నవలల్లోనూ, నాటకాల్లోనూ అత్యధిక భాగం 1948 సెప్టెంబరు 17 సాయంకాలానికి ముగిసిపోతాయి. నిజాం రేడియోలో మాట్లాడతాడు, రజాకార్లు పారిపోతారు, మూడు రంగుల జెండా ఎగురుతుంది, పుస్తకం అయిపోతుంది. ఆ గీత దాటి అవతలికి అడుగుపెట్టినవారు బహు తక్కువ. దాశరథి రంగాచార్య అడుగుపెట్టారు. కాని ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’ చదివిన మన విద్యార్థుల్లో ఎందరు ‘జనపదం’ దాకా వచ్చారో నాకు అనుమానమే. విమర్శకులు కూడా మొదటి రెండింటి మీద ఖర్చుపెట్టిన సిరాలో పదోవంతు మూడోదాని మీద పెట్టలేదు.

ఒక ప్రభుత్వాన్ని సైన్యం ఐదు రోజుల్లో కూల్చగలదు. కూల్చింది. కాని మరునాటి పొద్దున లెవీ గల్లా ఎవరు కొలవాలి? శిస్తు ఎవరికి కట్టాలి? తహసీలు దఫ్తరులో కాగితం మీద ఎవరి ముద్ర పడాలి? దొర గడీ విడిచి పట్నం పారిపోయిన ఊళ్లో, అతని భూమిని దున్నుకుంటున్న రైతుకు ఆ భూమి మీద హక్కు వుందా, లేదా? ఈ ప్రశ్నలకు జవాబులు 1948 సెప్టెంబరు 18 నుంచి 1952 మార్చి దాకా మూడున్నర ఏళ్ల పాటు నిర్ణయమైనాయి. తెలంగాణా సామాజిక చరిత్రకు అసలైన మలుపు అక్కడ వుందని నా అభిప్రాయం. ఆ ఐదు రోజులు దానికి ముందుమాట మాత్రమే.

ముందుగా పేరు సంగతి చూడాలి. షోలాపూరు వైపు నుంచి ట్యాంకులతో ఒక దండు, బెజవాడ వైపు నుంచి మరొక దండు ప్రధానంగా నడిచి వచ్చి, విమానాలు బాంబులు వేసి, చివరికి ఒక సేనాపతి మరొక సేనాపతికి లొంగిపోయిన వ్యవహారాన్ని మనం ‘పోలీసు చర్య’ అంటున్నాం. సెప్టెంబరు 18న జనరల్ ఎల్ ఎద్రూస్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. పోలీసులెవరూ లొంగదీసుకోలేదు. అయినా ఆ పేరెందుకు వచ్చింది? ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న పారిస్‌లో మండలి దాన్ని చర్చకు తీసుకున్నది. మొయిన్ నవాజ్ జంగ్ తమది స్వతంత్ర రాజ్యమనీ, పరాయి సైన్యం దండెత్తిందనీ వాదించాడు. రామస్వామి మొదలియార్ ఇది ఇండియా ఇంటి వ్యవహారమన్నాడు. యుద్ధమంటే రెండు రాజ్యాలున్నట్లు ఒప్పుకోవాలి. పోలీసు చర్య అంటే ఒకే ఇంట్లో అల్లరి మాన్పడం. కొద్దిరోజుల్లోనే నిజాం తన ఫిర్యాదును తానే వాపసు తీసుకున్నాడు.

ప్రజల వైపు నుంచి చూస్తే వచ్చినది పరాయి సైన్యమా, మన సైన్యమా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. రజాకార్ల చేత ఇళ్లు తగలబడిన పల్లెకు అది విముక్తి సైన్యమే. షోయబుల్లాఖాన్‌ను ఆ ఆగస్టులో నడివీధిలో హత్య చేసిన ముఠా చేతుల్లోంచి రాజ్యం జారిపోయినందుకు హిందువులే కాదు, ఎందరో ముస్లిములూ ఊపిరి పీల్చుకున్నారు. నేను చెప్పదలచింది వేరు. పేరు పెట్టినవాళ్లు ఐక్యరాజ్య సమితిని దృష్టిలో పెట్టుకొని పెట్టారు కాని, ఆ పేరు లోపల కూడా తన పని తాను చేసింది. యుద్ధమైతే ఓడిన రాజు గద్దె దిగాలి. పోలీసు చర్య అయితే రాజు వుంటాడు, చుట్టూ వున్న దుర్మార్గులు పోతారు. సరిగ్గా అదే జరిగింది. లాయక్ అలీ గృహనిర్బంధంలోకీ, కాసిం రజ్వీ జైలుకూ పోయారు. ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠీలోనే వుండిపోయాడు.

ఇది కేవలం మర్యాద కాదు. మిలిటరీ గవర్నరుగా వచ్చిన చౌధురి చేతిలో తుపాకులున్నాయి గాని, చట్టం చేసే అధికారం ఎక్కడిది? నిజాం ఫర్మానా ఇచ్చాడు. తన అధికారాన్ని మిలిటరీ గవర్నరుకు అప్పగించాడు. ఆ ఫర్మానా బలం మీదే కొత్త పరిపాలన శాసనాలు చేసింది. సైన్యం ఎవరి మీదికి నడిచి వచ్చిందో వాడి దస్కత్తుతోనే పాలించింది! 1949 ఆగస్టు 15న వెలువడిన జాగీర్ల రద్దు శాసనం పేరులో వున్న సంవత్సరం చూడండి. 1358 ఫసలీ. ఆసఫ్‌జాహీ దఫ్తరు పంచాంగం ఒక్కరోజు కూడా ఆగలేదన్నమాట. అదే ఏడాది నవంబరులో భారత రాజ్యాంగాన్ని హైదరాబాదుకు అంగీకరించినది కూడా నిజాం ఫర్మానాయే. దానికోసం ప్రజలు ఎన్నుకున్న సభ ఏదీ సమావేశం కాలేదు. 1950 జనవరి 26న అదే నిజాం రాజప్రముఖుడై, 1956 అక్టోబరు 31 దాకా కొనసాగాడు. ఏటా 50 లక్షల రాజభరణం వేరే.

దీన్ని ద్రోహమని ఒక్కమాటలో కొట్టిపారేయడం సులభం. మన పత్రికల్లో చాలామంది అట్లా కొట్టిపారేశారు కూడా. కాని ప్రపంచంలో తర్వాత జరిగినవాటిని కూడా చూసినవాళ్లం కాబట్టి మనం కొంచెం నిదానించాలి. 2003లో అమెరికా సైన్యం ఇరాక్ ప్రభుత్వాన్ని కూల్చింది. ఆ మే నెలలో అక్కడి అమెరికన్ పాలకుడు బ్రెమర్ రెండు ఉత్తర్వులు వేశాడు. ఒకటి బాత్ పార్టీవాళ్లను ఉద్యోగాలనుంచి తొలగించింది. రెండోది సైన్యాన్నే రద్దు చేసింది. లక్షలాదిమంది ఆయుధాలు తెలిసినవాళ్లు జీతం లేక వీధిన పడ్డారు. మూడేళ్లు తిరక్కముందే ఆ దేశం అంతర్యుద్ధంలో మునిగిపోయింది. ఆఫ్ఘనిస్తాన్‌లో 2001లో పరాయి సైన్యాల నీడన వెలిసిన ఏర్పాటు, ఆ సైన్యాలు వెళ్లిపోతుండగానే 2021లో కూలిపోయింది. పాత యంత్రాంగాన్ని పగలగొట్టినంత మాత్రాన కొత్తది పుట్టదు. పైనుంచి పెట్టినది కింద వేరూనదు. ఆ లెక్కన చౌధురి, అతని పౌర పరిపాలకుడు బాఖ్లే, వారి తర్వాత వచ్చిన వెల్లోడి, పాత దఫ్తరును నిలబెట్టి పనిచేయించుకున్నవాళ్లు, తెలివైనవాళ్లనే అనాలి.

అయితే ఇక్కడ ఆగితే మనం వాళ్ల మనుషులమైపోతాం. పాతదాన్ని నిలబెట్టాలా వద్దా అన్నది సగం ప్రశ్న. పాతదానిలో దేన్ని నిలబెట్టాలి, దేన్ని పడగొట్టాలి అన్నది మిగతా సగం. జపానును చూడండి. 1945లో ఓడిన తర్వాత అమెరికన్ ఆక్రమణ సైన్యం చక్రవర్తిని గద్దె మీదే వుంచింది. మన నిజాంను వుంచినట్లే. కాని 1946 నుంచి నాలుగైదేళ్లలో భూస్వాముల కింద కౌలుకు నలుగుతున్న భూమిని కొని, దున్నేవాళ్లకు అమ్మించింది. దేశంలో కౌలు భూమి నూటికి 46 పాళ్ల నుంచి 10 పాళ్లకు దిగిపోయింది. పైన కిరీటం మిగిలింది, కింద జమీందారు పోయాడు. ఆ పని చేసినవాళ్లు విప్లవకారులు కారు. మెకార్థర్ వంటి పరమ సంప్రదాయవాది. పల్లెలో రైతుకు భూమి దొరకకపోతే కమ్యూనిజం వస్తుందని భయపడి చేశాడు.

హైదరాబాదులో ఆ భయం ఇంకా ఎక్కువగానే వుండాలి. ఎందుకంటే ఇక్కడ కమ్యూనిజం రావటం కాదు, వచ్చేసి కూర్చుంది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటినుంచి నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు సంఘం చేతికి వచ్చాయి. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాలు అన్నది పార్టీ చెప్పిన లెక్క. వెట్టి ఆగిపోయింది. అప్పుపత్రాలు కాలిపోయాయి. దున్నేవాడు దున్నుకున్నాడు. సైన్యం వచ్చాక ఏం చేసింది? రజాకార్లను అణచడానికి దానికి ఒక వారం చాలింది. ఈ పల్లెలను అణచడానికి మూడేళ్లు పట్టింది. దొరలు ఖద్దరు టోపీలు పెట్టుకొని సైనికుల లారీల వెనకనే తిరిగి వచ్చారన్న మాట తెలంగాణాలో ముసలివాళ్లందరి నోటా వినిపిస్తుంది. సుందరయ్య గారి గ్రంథం ప్రకారం ఆ పోరాటం మొత్తంలో ప్రాణాలు పోగొట్టుకున్న యోధులూ రైతులూ 4,000 మంది.

సైన్యం వచ్చిన తర్వాత సాయుధ పోరాటాన్ని కొనసాగించడం సరైనదేనా అన్న వివాదం మన ఉద్యమంలో ఇప్పటికీ ఆరలేదు. ‘నగ్న సత్యాలు’ రాసిన రావి నారాయణరెడ్డి గారు, ప్రజలు యూనియన్ సైన్యాన్ని విమోచకులుగా చూస్తున్నప్పుడు దానిమీద తుపాకి ఎత్తడం ఆత్మహత్య అన్నారు. నాయకత్వంలో అధిక సంఖ్యాకులు, తుపాకి దించితే పంచిన భూమి దక్కదన్నారు. నాకేమనిపిస్తుందంటే, ప్రజల మనస్థితి గురించి మొదటివారూ, భూమి గతి గురించి రెండోవారూ సరిగ్గానే చూశారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాకు వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చాడు. ఆ అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది. దానమిచ్చిన నూరెకరాలకు దేశమంతా చరిత్ర వుంది. రైతులనుంచి వాపసు గుంజుకున్న ఎకరాలకు అంత చరిత్ర లేదు.

చరిత్ర లేనిది ఇంకొకటి వుంది. దీన్ని గురించి అభ్యుదయ రచయితలమైన మనం కూడా ఎంతో కాలం గొంతు విప్పలేదు. సైనిక చర్య జరిగిన రోజుల్లోనూ, తర్వాతి వారాల్లోనూ, ముఖ్యంగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ముస్లిములను ఊచకోత కోశారు. కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్ సంఘం ఆ చలికాలంలోనే ఊరూరూ తిరిగి, చనిపోయినవారు తక్కువలో తక్కువ 27 వేలనుంచి 40 వేలమంది అని రాసింది. చాలాచోట్ల సైన్యం కాపాడిందనీ, కొన్నిచోట్ల దోపిడికీ హత్యలకూ తోడుపడిందనీ కూడా రాసింది. ఆ సంఘంలో ఒకరు కాజీ అబ్దుల్ గఫార్. హైదరాబాదులో ‘పయామ్’ పత్రిక నడిపిన ఉర్దూ రచయిత. మన సాటి రచయిత కళ్లతో చూసి సంతకం చేసిన ఆ నివేదిక ఆరు దశాబ్దాలకు పైగా బీరువాలో మగ్గి, 2013లో గాని జనానికి అందలేదు. బీదరూ, నాందేడూ ఎక్కడో లేవు. బాన్సువాడకు పొరుగు. బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలు 1956 దాకా నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోనివే. రజాకార్ల దౌర్జన్యం గురించి మనకు ఇన్ని కథలుండి, దీనిమీద తెలుగులో వేళ్లమీద లెక్కపెట్టదగిన రచనలైనా లేకపోవడం దేనికి నిదర్శనమో పాఠకులే ఆలోచించాలి. గెలిచినవాడి స్థిరత్వానికి ఓడినవాడి పక్కన నిలబడ్డ పేదవాడు మూల్యం చెల్లించాడు. నవాబు చెల్లించలేదు. జవాను, అమీను, చప్రాసీ చెల్లించారు.

నిజామాబాదు జిల్లా కథ వేరుగా నడిచింది. నల్లగొండలో స్థిరత్వం తుపాకి ద్వారా వస్తే, ఇక్కడ కాలువ ద్వారా వచ్చింది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీళ్లను బాన్సువాడ, బోధను పొలాలకు ఎక్కించింది. బోధనులో చక్కెర కార్ఖానా లేచింది. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. నేటికీ మా ప్రాంతంలో సగం ఊళ్ల పేర్ల చివర క్యాంపు అన్న మాట వుంటుంది. నీరు పారే చోట ప్రభుత్వం మారినా తూము ఎత్తేవాడు మారడు, చెరుకు కొనేవాడు మారడు. కాబట్టి ఇక్కడ పోరాటమంతా కాగితం మీద జరిగింది. తుపాకి చప్పుడు లేదు గనుక దీన్నెవరూ పోరాటమనలేదు. ఆ ఏడాది నిజామాబాదు ఖిల్లా జైల్లో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి ఒకే గోడల మధ్య వున్నారన్నది సాహిత్య విద్యార్థులందరికీ తెలిసిన కథ. అంతగా తెలియనిదేమంటే, సెప్టెంబరు 17 తర్వాత కాంగ్రెసు ఖైదీలకు తెరుచుకున్న జైలు తలుపులు కమ్యూనిస్టు ఖైదీలకు తెరుచుకోలేదు. కొత్త ప్రభుత్వం పాత ప్రభుత్వపు శత్రువులను రెండు కుప్పలుగా వేరు చేసింది.

కాగితమంటే పట్వారీ. పైన మిలిటరీ గవర్నరు రావచ్చు, ఐ.సి.ఎస్. ముఖ్యమంత్రి రావచ్చు. మద్రాసు, బొంబాయి, మధ్యపరగణాల నుంచి అధికార్లు దిగారు. ఉర్దూలో నడిచిన దఫ్తరూ, ఉస్మానియా విశ్వవిద్యాలయపు తరగతులూ ఇంగ్లీషులోకి మారాయి. తెలుగు రైతుకు నిన్నటి ఉర్దూ నోటీసు ఎంత అర్థమైందో నేటి ఇంగ్లీషు నోటీసూ అంతే అర్థమైంది. ఏ భాషలో వచ్చినా చదివి చెప్పవలసినవాడు పట్వారీయే, ఏం చెప్పాలో నిర్ణయించేవాడూ అతడే. బయటివాళ్లు వచ్చి ఉద్యోగాలు ఆక్రమించారన్న కోపం చదువుకున్నవాళ్లలో పెరిగి 1952లో ముల్కీ ఆందోళనగా పేలింది. ఆ సెప్టెంబరు మొదటివారంలో హైదరాబాదు వీధుల్లో విద్యార్థులమీద కాల్పులు జరిగాయి. పోలీసు చర్యకు నాలుగేళ్లు నిండకముందే, ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం చేతనే! బయటి ఉద్యోగి మీద ఊరేగింపు తీసిన మధ్యతరగతి, లోపలి పట్వారీ మీద ఊరేగింపు తీయలేదు.

ఇట్లా చెప్పుకుపోతే ఆ మూడున్నర ఏళ్లలో మంచే జరగలేదా అని అడుగుతారు. జరిగింది. రాజ్యంలో దాదాపు మూడోవంతు నేలను పట్టుకున్న జాగీర్లు, పరిహారాలిచ్చే అయినా, పోయాయి. నిజాం సొంత కమతమైన సర్ఫేఖాసు దివానీలో కలిసింది. 1950 జూన్‌లో కౌలుదారీ చట్టం వచ్చింది. వెల్లోడి మంత్రివర్గంలో రెవెన్యూ చూసిన బూర్గుల రామకృష్ణారావు చేతిమీదుగా అమలైన ఆ చట్టం ‘రక్షిత కౌలుదారు’ అనే మనిషిని సృష్టించింది. దేశంలో ఆనాటికి అది ముందడుగే. నల్లగొండ రైతు తుపాకి పట్టకపోతే అది ఆ రూపంలో వచ్చేదని నేననుకోను. కాని అమలు ఎవరి చేతిలో వుంది? ఉస్మానియా ఆర్థికశాస్త్రవేత్త ఎ.ఎం. ఖుస్రో కొద్ది సంవత్సరాలకే లెక్కలు తీశారు. 1951లో రక్షితులుగా నమోదైనవాళ్లలో నూటికి నలభైమందికి పైగా 1955 నాటికి భూమి మీద లేరు. చట్ట ప్రకారం తొలగించబడినవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. 22 మందిని అక్రమంగా బేదఖలు చేశారు. తక్కినవాళ్లు ‘స్వచ్ఛందంగా’ వదులుకున్నారట! ఆ ఒక్క మాటలో ఎన్ని కథలున్నాయో కథకులు ఊహించుకోవచ్చు.

మరి ప్రభుత్వం స్థిరపడింది ఎప్పుడు? నా లెక్కలో సైన్యం వచ్చినప్పుడు కాదు, నిజాం రాజప్రముఖుడైనప్పుడు కాదు. 1952 ఎన్నికల్లో. 175 స్థానాల శాసనసభలో కాంగ్రెసుకు 93 వచ్చాయి. అప్పటికింకా నిషేధంలో వున్న కమ్యూనిస్టు పార్టీ మనుషులు ప్రజాస్వామిక ఫ్రంటు పేరుతో పోటీచేసి 42 గెలిచారు. నల్లగొండనుంచి లోక్‌సభకు రావి నారాయణరెడ్డికి వచ్చిన ఓట్లు నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ. నిన్నటిదాకా అడవుల్లో వెంటాడబడిన మనుషులు, వాళ్లకు అన్నం పెట్టి దెబ్బలు తిన్న ఆడవాళ్లు వరసలో నిలబడి ఓటు వేశారు. ప్రభుత్వాన్ని పడగొట్టాలనుకున్నవాళ్లు దాని ఎదుట కుర్చీల్లో కూర్చొని ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. మార్చి 6న బూర్గుల ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ ప్రభుత్వానికి పల్లెల్లో మొదటిసారి ఒక పునాది దొరికింది. అది వేసినవాళ్లు ఓడినవాళ్లే.

2022 నుంచి ఏటా సెప్టెంబరు 17న దానికే పేరు పెట్టాలన్న జగడం చూస్తున్నాం. కేంద్రం విమోచన దినమంది. ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినమంది. మన వేదికలమీద విద్రోహమన్నవాళ్లూ వున్నారు. పేర్లన్నీ ఆ ఒక్క సాయంకాలానికే. బూర్గుల నుంచి నేటిదాకా వచ్చిన ప్రభుత్వాలన్నీ ఆ తర్వాతి దినాలమీద నిలబడినవి.

గ్రామంలో నిజాం దఫ్తరుకు చివరి ప్రతినిధి అయిన పట్వారీ, అతని పక్కన పటేలూ, 1984లో గాని పోలేదు. సెప్టెంబరు 17 తర్వాత ముప్పై అయిదేళ్లు. రామారావు ప్రభుత్వం వాళ్లను రద్దు చేసింది. వాళ్ల స్థానంలో రకరకాల పేర్లతో గ్రామాధికారులు వచ్చారు, 2020లో వాళ్లూ పోయారు. ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పుస్తకాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. కాని ఈ ప్రాంతంలో భూమి తగాదా ఏది తలెత్తినా, బాన్సువాడ కచేరీ మెట్లమీద కూర్చున్న దస్తావేజు లేఖరి మొదట అడిగేది 1954–55 ఖాస్రా పహాణీ నకలు. బేదఖళ్లు ముమ్మరంగా జరిగిన ఆ సంవత్సరాల చివర, పట్వారీ చేతిరాతతో, ఎవడు దున్నుతున్నాడో కాలం నింపిన పుస్తకం అది. ఆ కాలంలో పేరు పడినవాడి మనవలు ఒక వైపు, పడనివాడి మనవలు ఒక వైపు ఇప్పటికీ కోర్టుకు వస్తున్నారు.